ఆ 12 మంది దాసీల మాటేమిటి?

ప్రశ్న: గ్రీకు పురాణాలను ఆడవాళ్ల వైపు నుంచి తిరగరాస్తున్నారట. ఉన్న కథలు చెడగొట్టడమెందుకని మా నాన్న అంటున్నారు. ఏం చెప్పాలి మేడమ్?
– డిగ్రీ విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: గ్రీకు కవి హోమర్ కావ్యం 'ఒడిస్సీ' చదివారేమో నాన్నగారిని అడగమ్మా. అందులో కథానాయకుడు ఒడిస్సియస్ కొడుకు టెలిమాకస్ తమ ఇంటి 12 మంది దాసీలను ఉరి తీస్తాడు. కొన్ని పంక్తుల్లో అయిపోతుంది. 2005లో కెనడా రచయిత్రి మార్గరెట్ అట్‌వుడ్ 'పెనెలోపియాడ్' నవలలో ఆ దాసీల చేతే మాట్లాడించింది. ఒడిస్సియస్ భార్య పెనెలొపీని పెళ్లాడాలని ఇంట్లో తిష్ట వేసిన మగవాళ్లతో కలిశారన్నదే దాసీల మీద నేరం. కానీ ఈ నవలలో ఆ మగవాళ్ల మీద వాళ్లను నిఘా పెట్టింది పెనెలొపీయే! అట్‌వుడ్ యజమానురాలినీ వదల్లేదు, అదే నాకు నచ్చింది. ఇలాంటివన్నీ బాగుంటాయనను. కొన్నింట్లో నాయిక ఇవాళ్టి ఉపన్యాసం మొదలెడుతుంది, నేను పేజీలు తిప్పేస్తాను. నాన్నగారికి మాత్రం ముందు ఓల్గా కథల సంపుటి 'విముక్త' ఇవ్వు. అందులో సీత, శూర్పణఖ మాట్లాడుకుంటారు. కడప బ్రౌన్ గ్రంథాలయంలో అడిగి చూడు.