పులికాట్‌కు కెమెరాతో వచ్చే మేనకోడలికి

చిరంజీవి మాధవికి,

అత్తయ్య ఆశీర్వదించి రాయునది. సంక్రాంతి సెలవులకు వస్తున్నావనీ, దూరపు పక్షులను దగ్గరగా చూపే 150-600 మి.మీ. జూమ్ లెన్సు కొన్నావనీ, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు ఎగురుతుండగా తీయాలని ఉందనీ రాశావు. ముందు ఆ ఎగిరే ఫోటో సంగతే చెబుతాను.

రెక్క విప్పినప్పుడు గులాబీ, నలుపు ఒక్కసారిగా బయటపడతాయి. ఆ క్షణం కోసం రోడ్డు మీద నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లున్నారు, హారన్ మోగించేవాళ్లున్నారు, బురదలోకి దిగి పరిగెత్తేవాళ్లూ ఉన్నారు. నువ్వు ఆ పని చేయకు. ఫ్లెమింగో కాకిలా ఉన్నచోటు నుంచే పైకి లేవలేదు. కొంత దూరం నీటి మీద పరిగెత్తితే గానీ గాలి అందదు. ఒక గుంపును పొద్దున నలుగురు నాలుగుసార్లు లేపితే ఆ పూట మేత పోయినట్టే. అవి ఇక్కడికి వచ్చేదే మేతకు. మన దేశంలో అవి గూళ్లు కట్టుకునేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. పులికాట్ వాటికి కంచం లాంటిది.

నువ్వు లేపక్కర్లేదు కూడా. పొద్దున ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు వాటంతట అవే మారుతుంటాయి. అవి ఎటు నుంచి లేస్తాయో, ఎటు తిరిగి దిగుతాయో ముందే తెలిస్తే కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని తీసుకోవచ్చు. అది తెలుసుకోవడానికి ఎండా, గాలీ చాలు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ దాదాపు పడమర నుంచి తూర్పుకు పోతుంది. రెండు పక్కలా నీళ్లే. కొత్తవాళ్లు ఏ పక్క ఎక్కువ పక్షులుంటే ఆ పక్క బండి ఆపుతారు. జనవరిలో సూర్యుడు ఆగ్నేయంలో పొడిచి, రోజంతా దక్షిణానికి వాలే నడిచి, నైరుతిలో కుంకుతాడు. అందుకని ఉత్తరం పక్కనున్న పక్షుల మీద పొద్దునా సాయంత్రమూ ఎండ తిన్నగా పడుతుంది, నీ వీపు ఎండకు ఉంటుంది. దక్షిణం పక్క తీస్తే ఎదురెండ, పక్షి నల్లటి బొమ్మగా వస్తుంది. అలాంటి నీడ బొమ్మ కావాలనుకుంటే సూర్యోదయానికి ముందు పది నిమిషాలు దక్షిణం పక్క నిలబడు, తర్వాత ఉత్తరానికి వచ్చెయ్. జనవరి నడిమిలో ఇక్కడ సూర్యుడు కనిపించేది ఆరున్నర దాటాకే. ఆరింటికల్లా రోడ్డు మీద ఉంటే చాలు.

ఇక గాలి. పెద్ద పక్షి ఏదైనా గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. ఈ కాలంలో ఎక్కువగా ఈశాన్యపు గాలి. అయినా ఒడ్డున గడ్డి ఎటు వాలుతోందో చూసుకున్నాకే నమ్ము. గాలీ ఎండా రెండూ నీ వీపు వైపు పడేలా నిలబడగలిగితే దిగే పక్షి నీ ముఖం వైపే వస్తుంది, కళ్లు కూడా వెలుగులో ఉంటాయి. పొద్దున తూర్పుకు వీపు పెట్టి పడమర వైపు చూస్తే చాలావరకు ఇది కుదురుతుంది. గాలి తిరిగిపోయి తోకలే కనిపిస్తుంటే తిట్టుకుంటూ నిలబడకు, మేసే పక్షుల మీద పడు.

లేచే ముందు గుంపు చెబుతుంది. మేస్తున్నప్పుడు ముక్కు తలకిందులుగా నీళ్లలో ముంచి, కాళ్లతో బురదను తొక్కుతూ గుండ్రంగా తిరుగుతాయి. నీళ్లు తీసిన చోట ఆ గుండ్రటి గాడులు అచ్చుగా మిగిలి ఉంటాయి, అవీ ఒక ఫోటో తీసుకో. ఒకటి రెండు తలలు లేస్తే అది మామూలే. సగం తలలు లేచి మేత ఆగిందంటే నువ్వు ఎక్కువ దగ్గరకొచ్చావని అర్థం, ఉన్నచోటే ఆగిపో. అన్నీ ఒకే దిక్కుకు నడవడం మొదలెట్టి, గొంతులు పెరిగాయంటే వెనక్కి రావాలి. ఎవరూ దగ్గర లేకుండానే అలా నడక మొదలైతే మాత్రం వాటి ప్రయాణం వాటిది. కెమెరా కంటికి పెట్టుకో, నిమిషంలో లేస్తాయి.

దగ్గరకు పోవాల్సి వస్తే ఎదురుగా నడవకు. పక్కకు పోతున్నట్టు ఏటవాలుగా నాలుగడుగులు, ఆగు, కిందికి చూడు, మళ్లీ ఇటు నాలుగడుగులు. తెల్ల చొక్కా, మెరిసే దుపట్టా వద్దు. మట్టిరంగు, బూడిదరంగు, పాచి ఆకుపచ్చ మంచివి. నిజానికి ఇక్కడ బండిలోంచి దిగకపోవడమే అన్నిటికంటే మేలు. రోడ్డున పోయే బండ్లకు పక్షులు అలవాటు పడ్డాయి, రెండు కాళ్ల మీద నిలబడే మనిషికి పడలేదు. బండి తారు మీద నుంచి పూర్తిగా దించి ఆపండి. అంతరిక్ష కేంద్రం ఉద్యోగుల బస్సులు పొద్దున ఇదే రోడ్డున పోతాయి. ఆ కేంద్రం గేటు వైపు లెన్సు తిప్పవద్దు, డ్రోన్ మాట అసలు ఎత్తవద్దు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు కూడా రావద్దు, ఆ రద్దీలో పక్షులు చూడటం కుదరదు.

బురద గురించి గట్టిగా చెబుతున్నాను. నీళ్లు తీసిన చోట పైన పొర ఎండి, పగుళ్లు తీసి, గట్టి నేలలా కనిపిస్తుంది. దాని కింద మోకాటి లోతు మెత్తటి ఒండ్రు. మూడో అడుగుకు కాలు దిగుతుంది, లాగబోతే చెప్పు అక్కడే ఉండిపోతుంది, చేతిలో రెండు కిలోల లెన్సు ఉంటే పడటం ఖాయం. పశువులు నడిచిన దారిలో తప్ప కాలు పెట్టకు. జాలర్ల గుంజలూ వలలూ ఉన్నచోట దాటవద్దు.

బండి కిటికీ మీద లెన్సు ఆనించడానికి బీన్ బ్యాగ్, అంటే గింజలు నింపిన సంచి, కొనక్కర్లేదు. పాత జీన్స్ కాలు ఒక మూరెడు కత్తిరించి, ఒక చివర కుట్టేసి, రెండో చివర జిప్పు పెట్టించు. రైల్లో ఖాళీగా తెచ్చుకో, ఇక్కడ రెండు కిలోల బియ్యం పోద్దాం. ముప్పాతిక భాగమే నింపాలి. బిగువుగా నింపితే లెన్సు దొర్లిపోతుంది, వదులుగా ఉంటేనే సంచి లెన్సు చుట్టూ కూర్చుంటుంది. ఇసుక పోయవద్దు, కుట్టులోంచి కారిన రేణువులు జూమ్ రింగులో చేరి గరగరమంటాయి. తీసేటప్పుడు ఇంజన్ ఆపించు. ఆ వణుకు కంటికి తెలియదు, ఫోటోలో తెలుస్తుంది.

కెమెరా అమరికలు ఇంట్లోనే చేసుకో, గట్టు మీద మెనూ వెతకవద్దు. ఎగిరే పక్షికి షట్టర్ 1/2000 సెకను, నిలబడి మేసేదానికి 1/800 చాలు. అపర్చర్ పూర్తిగా తెరువు, లేదా ఒక చిన్న మెట్టు మూసి 7.1 పెట్టు. ఐఎస్‌ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) ఆటోలో వదిలి, పై హద్దు 6400 పెట్టుకో. గింజలు (నాయిస్) పడ్డ ఫోటోను తర్వాత బాగుచేసుకోవచ్చు, కదిలిపోయిన ఫోటోను ఎవరూ బాగుచేయలేరు. ఫోకస్ నిరంతరం వెంబడించే మోడ్‌లో ఉంచు. రా (RAW) ఫైలు, అంటే కెమెరా ఏమీ కుదించకుండా దాచేది, తప్పనిసరి. 600 దగ్గర గుంపు దొరకబుచ్చుకోవడం కష్టం కాబట్టి 300 దగ్గర పట్టుకుని, తర్వాత జూమ్ చేయడం అలవాటు చేసుకో. ఇది ఇంటి డాబా మీద కాకులతో వారం రోజులు సాధన చేసి రా.

ఇక్కడ అందరి ఫోటోలూ చెడేది తెలుపు దగ్గర. నల్లటి నీటి మీద తెల్లటి పక్షి ఉంటే కెమెరా నీటిని చూసి ఫోటోను వెలుగు చేస్తుంది, ఈక గీతలన్నీ కాలిపోయి పక్షి సున్నం పూసినట్టు వస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ రెండు చిన్న మెట్లు, అంటే -0.7 తగ్గించు. అదే పక్షి తెల్లటి ఆకాశంలోకి లేచిందా, కథ తిరగబడుతుంది. ఆకాశం చూసి కెమెరా చీకటి చేస్తుంది, +1 పెంచాలి. మొదటి పది ఫోటోల తర్వాత హిస్టోగ్రామ్, అంటే ఫోటోలో వెలుగూ చీకటీ ఎంతెంత ఉన్నాయో చూపే పటం, చూడు. కుడి గోడకు అతుక్కుని ఉంటే తెలుపు పోయిందని అర్థం.

తొమ్మిదిన్నర దాటాక ఇంకో జబ్బు వస్తుంది. నీటి మీద, బురద మీద గాలి వేడెక్కి తెరలా ఊగుతుంది. రెండు వందల మీటర్ల దూరంలోని పక్షి ఎంత మంచి లెన్సుతో తీసినా పాలలో నానినట్టు ఉంటుంది. లెన్సు చెడిందని కంగారు పడి షాపుకు పోతారు చాలామంది. ఆ వేళకు కెమెరా లోపల పెట్టి బైనాక్యులర్ తీయాలి. ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8x42 సరిపోతుంది, 10x చేతిలో వణుకుతుంది. అప్పుడు గుంపులో తేడాలు వెతుకు. పెద్ద ఫ్లెమింగో లేత రంగు, గులాబీ ముక్కుకు కొన మాత్రమే నలుపు. చిన్న ఫ్లెమింగో పొట్టి, రంగు చిక్కన, ముక్కంతా ముదురు. గులాబీ అసలే లేని బూడిద పక్షులు కనిపిస్తే వేరే జాతి అనుకోకు, అవి పిల్లలు. ఆ రంగు మేతలోని నాచు, రొయ్యజాతి చిన్న పురుగుల నుంచి ఏళ్ల మీద ఎక్కుతుంది. వాటి వెనకే సూదితోక బాతులు, ఒడ్డున ఉల్లంకి పిట్టలు ఉంటాయి. ఫ్లెమింగోల మీదే కళ్లు పెట్టినవాళ్లకు ఇవేవీ కనపడవు.

నీళ్ల సంగతి బయలుదేరే ముందు ఒకసారి కనుక్కుంటాను. ఇక్కడి వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సరస్సు మరీ నిండి ఉంటే ఫ్లెమింగోలు రోడ్డు దగ్గరకు రావు, కాళ్లు అందే లోతు వెతుక్కుంటూ దూరంగా ఉంటాయి. అలాంటి ఏడాది జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో మేలు. వాన తక్కువైన ఏడాది ముందే రావాలి.

సాయంత్రానికి నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రానికి పోదాం. సూళ్లూరుపేటకు 20 కిలోమీటర్ల లోపే, దొరవారిసత్రం మండలం. అక్కడ నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) పిల్లల్ని పెంచుతుంటాయి. పక్కనే నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. చెరువు నీళ్లలో పక్షుల రెట్ట కలిసి పొలాలకు బలమవుతుందని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాటిని కాపాడుకుంటూ వచ్చారు. గూళ్ల దగ్గర నియమం ఇంకా గట్టిది. కట్ట, వాచ్ టవర్ దాటి అడుగు ముందుకు వేయకూడదు. తల్లి ఉలిక్కిపడి గూడు వదిలితే కాకి గుడ్డు ఎత్తుకుపోవడానికి రెండు నిమిషాలు చాలు, ఈకలు రాని పిల్లలు ఎండకు తాళలేవు. ఫ్లాష్ వద్దు, ఫోన్‌లో పక్షి కూత మోగించడం వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గూళ్లనూ గుడ్లనూ కదపడాన్ని కూడా వేట కిందే లెక్కగడుతుంది. టవర్ మీద ఓపిగ్గా ఒక గూటిని ఎంచుకుని గంట కూర్చో. గూడబాతు మేత తెచ్చి నోరు తెరిస్తే పిల్ల తలంతా దాని గొంతు సంచిలోకి దూర్చేస్తుంది. రెక్కలు కొట్టుకుంటూ రావడం, పిల్ల అరవడం ముందు మొదలవుతాయి, అదే నీకు సైగ.

సామాను విషయం రెండు మాటలు. ఏసీ గదిలోంచి చల్లటి కెమెరా తీసి తెల్లవారుజాము తేమలోకి తెస్తే లోపలిదాకా మంచు పట్టి అరగంట పనికిరాదు. రాత్రి ఏసీ లేనిచోట ఉంచు, లేదా బ్యాగు జిప్పు తీయకుండా అరగంట బయట వదిలెయ్. పులికాట్ గాలిలో ఉప్పుంటుంది. తిరిగొచ్చాక మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో పైభాగం, ట్రైపాడ్ కాళ్లు తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడువు. ఎండిన ఉప్పును ముందే పొడిగుడ్డతో రుద్దితే గాజు మీద గీతలు పడతాయి. రోడ్డు మీద లెన్సు మార్చవద్దు.

ఒక చిన్న పుస్తకం, పెన్సిలు తెచ్చుకో. తేదీ, వేళ, గాలి, నీళ్లెంత, ఏ పక్షి ఎన్ని అని రాయాలి. వేలల్లో ఉన్న గుంపును ఒక్కొక్కటి లెక్కపెట్టలేవు. పది లెక్కపెట్టి ఆ పది ఎంత చోటు పట్టాయో కంట్లో ముద్ర వేసుకో. దాంతో యాభై, యాభైతో నూరు, ఆ నూరు గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూడు. తర్వాత అదే గుంపును వెడల్పుగా ఒక ఫోటో తీసి ఇంటికొచ్చాక చుక్కలు పెట్టి లెక్కచూస్తే నీ కన్ను ఎంత తప్పుతోందో తెలుస్తుంది. మొదట్లో అందరూ తక్కువే వేస్తారు. ఆ లెక్క పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు ఈబర్డ్‌లో ఎక్కించు. జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతుంది, ఈసారి కుదిరితే నిన్ను అందులో చేరుస్తాను.

ముందురోజు రాత్రికే సూళ్లూరుపేట చేరుకో. రైలు టిక్కెట్టు దొరికాక ఫోన్ చెయ్యి. పొద్దున నాలుగున్నరకు లేవాలి. ఇడ్లీ, కారప్పొడి స్టీలు డబ్బాలో నేను తెస్తాను, ప్లాస్టిక్ పొట్లాలు కొనవద్దు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య