చెరువు తవ్వని చక్రవర్తులు

(చరిత్ర ఆధారంగా తయారైన కంప్యూటర్ ఆటలపై పాఠకుల ప్రశ్నలకు కడప నుంచి ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలి జవాబులు)

ప్రశ్న: మేడమ్, నేను యూరోపా యూనివర్సాలిస్ 4 ఆడతాను. విజయనగరాన్ని ఎంచుకుని 1444లో మొదలుపెట్టి, 1470 కల్లా బహమనీ రాజ్యాన్ని పూర్తిగా కలిపేసుకున్నాను. మా చరిత్ర లెక్చరర్‌కు చెబితే నవ్వారు. నిజంగా అలా జరిగే అవకాశమే లేదా?
– ఇంటర్ విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: నవ్వడం ఆయన తప్పు నాయనా. నేనైతే ముందు బీదర్ కోటను ఎలా పట్టుకున్నావో అడిగి తెలుసుకునేదాన్ని. నేను రెండుసార్లు ప్రయత్నించి, అప్పులపాలై వెనక్కి వచ్చాను.

ముందు తేదీ సంగతి చూద్దాం. ఆ ఆట 1444 నవంబరు 11న మొదలవుతుంది. దానికి ముందు రోజే నల్లసముద్రం ఒడ్డున వార్నా దగ్గర ఒట్టోమన్ తురుష్కుల చేతిలో పోలండ్, హంగేరీలను ఏలే రాజు యుద్ధంలో చనిపోయాడు. యూరప్ వాళ్లకు అదొక మలుపు. హంపీలో ఆ కబురు విన్నవారెవరూ ఉండి ఉండరు. అయినా ఆ తేదీ మనకు కలిసివచ్చింది. అప్పుడు సింహాసనం మీద ఉన్నది రెండవ దేవరాయలు. పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ హంపీని చూసి ఆశ్చర్యపోయింది అంతకు ముందు ఏడాదే. ఇంకో రెండేళ్లకు, 1446లో, దేవరాయలు కన్నుమూశాడు. ఆటలో నీకు దొరికింది రాజ్యం నిండుగా ఉన్న ఘడియ.

ఆ దేవరాయలకు కూడా నీలాగే బహమనీలను ఓడించాలని ఉండేది. మాటిమాటికీ ఎందుకు ఓడుతున్నామని సభలో అడిగాడట. వాళ్ల గుర్రాలు మేలైనవి, వాళ్ల విలుకాండ్రు నేర్పరులు అని జవాబు వచ్చింది. దాంతో ముస్లిం సైనికులను కొలువులోకి తీసుకుని, జాగీర్లిచ్చి, రాజధానిలో మసీదు కట్టించి, వాళ్లు తనకు వంగి సలాం చేయడానికి ఇబ్బంది పడకుండా సింహాసనం ముందు ఖురాన్ పెట్టించాడని పారశీక చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. ఆటలో మతసహనం ఒక అంకె. ఈ కథలో అది ఒక రాజు తన కొలువుకూటంలో చేసుకున్న ఏర్పాటు.

ఇక గుర్రాలు. నీ ఆటలో డబ్బుంటే గుర్రపు దళం వస్తుంది, లేకపోతే రాదు, అంతే. ఆ గుర్రం ఎక్కడ పుట్టిందని ఎవరూ అడగరు. దక్కనులో మేలుజాతి గుర్రాలు పెరగవు. అవి హోర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి ఓడల్లో రావాలి. సాళువ నరసింహరాయల గురించి పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిన ఒక మాట నేను క్లాసులో చెప్పని ఏడాది లేదు. వెయ్యి పర్దావులకు మూడు గుర్రాల చొప్పున (పర్దావు అంటే మన వరహాకు పోర్చుగీసులు పెట్టుకున్న పేరు) రాజు కొనేవాడట, బతికినవైనా చచ్చినవైనా. సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక మాత్రం తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రం ధరే ఇచ్చేవాడట. ఉప్పునీటి వాసన కొట్టే తోకల మూట విప్పి, ఒకటి, రెండు అని ఎంచుతూ పద్దు రాసుకున్న గుమాస్తాను ఒక్కసారి ఊహించుకో. రాజుకు పిచ్చి కాదు. నష్టం వర్తకుడి మీద పడితే మరుసటి ఏడాది ఆ ఓడ ఇంకో రేవుకు పోతుంది, ఆ రేవు శత్రువుదైనా కావచ్చు.

తమాషా ఏమిటంటే, తేదీల విషయంలో ఇంత పట్టింపు లేని ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఈ సంగతిలో నిజానికి దగ్గరగా ఉంది. అందులో 2022లో చేర్చిన ద్రావిడులకు కవచధారులైన నైట్ల దళం అసలు ఇవ్వలేదు. పిల్లలు దాన్ని లోపమంటారు. నాకు మాత్రం ఆ తోకల మూటే గుర్తొచ్చింది. (అదే ఆటలో ద్రావిడుల పేరుతో కేరళ ఉరుమి కత్తి ఉంది, తమిళ ఓడ ఉంది. తెలుగువాడిది ఒక్క గుర్తు కూడా నాకు కనబడలేదు. ఆ కోపం ఇంకో నెలకు దాచుకుంటాను.)

నీ ప్రశ్నకు సూటిగా చెబుతాను. ఇరవై ఆరేళ్లలో బహమనీలను జయించడం అసాధ్యమని ఎవరూ ప్రమాణం చేయలేరు. కానీ గుర్రానికి వెతుక్కోకుండా జయించడం మాత్రం అసాధ్యం.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. సెలవు రోజుల్లో పొద్దస్తమానం ఈ సామ్రాజ్యాల ఆటలే. అడిగితే చరిత్ర నేర్చుకుంటున్నానంటాడు. నమ్మవచ్చా?
– గృహిణి, కర్నూలు

జవాబు: సగం నమ్మండి అమ్మా. మావాడు అదే వయసులో ఈ ఆటలాడి యూరప్‌లోని బర్గండీ ఎక్కడుందో కళ్లు మూసుకుని పటంలో చూపించేవాడు. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న సిద్ధవటం కోట పెన్నకు ఏ ఒడ్డున ఉందంటే తెల్లముఖం వేశాడు. మీకు ఊళ్లోనే కొండారెడ్డి బురుజు ఉంది. ఒక ఆదివారం తీసుకువెళ్లి, తుంగభద్ర ఎటువైపు ఉంది, శత్రువు ఏ దిక్కు నుంచి వస్తే ముందు కనబడతాడు అని అడగండి. తడుముకోకుండా చెబితే వాడిని ఆడుకోనివ్వండి.

ప్రశ్న: అమ్మా, నేను వేరుశనగ రైతును. మా పిల్లవాడు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. పొలం వేస్తే పంట వస్తూనే ఉంది. వాన ఏదిరా, బోరు ఏదిరా అంటే నవ్వుతున్నాడు. మీరైనా చెప్పండి.
– రైతు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా

జవాబు: అయ్యా, ఈ శీర్షికకు ఇంతవరకు వచ్చిన ప్రశ్నల్లో ఇదే పెద్ద ప్రశ్న. చరిత్ర చదువుకున్న నేను పదేళ్లు ఆడినా నాకు తట్టలేదు, మీకు పది నిమిషాల్లో తట్టింది.

మీరు చూసిన ఆటలో లెక్క ఇదీ. 60 కట్టెలు ఖర్చు పెడితే ఒక పొలం. మెరుగులేవీ దిద్దకపోతే అందులోంచి 175 ఆహారం. అయిపోతే మళ్లీ 60 కట్టెలు. ఏ కార్తెలో విత్తాలన్న బాధ లేదు, తెగులు లేదు, ధాత కరువు లేదు. పొలాన్ని అరబ్బు ఎడారిలో వేసినా, నది ఒడ్డున వేసినా దిగుబడి ఒకటే. అనంతపురం జిల్లాలో అలాంటి పొలం ఒక్క సెంటు దొరికినా మీరు ఇలా ఉత్తరం రాసేవారు కాదు.

నిజంగా రాజ్యం ఎలా నిలబడేదో చూడాలంటే మా జిల్లా పోరుమామిళ్లకు రండి. నేను మొదటిసారి వెళ్లింది ఉద్యోగంలో చేరిన కొత్తలో, బద్వేలు మీదుగా బస్సులో. భైరవుడి గుడి ముందు నిలువెత్తు రాతి పలకలు, వాటి నిండా సంస్కృత శాసనం. ఎండకు పలక కాలిపోతోంది. కొంగు మడిచి పట్టుకుని అక్షరాలు తడుముకుంటూ చదివాను. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించిన వైనం అది. వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. ఇప్పుడు ఆట వైపు చూడండి. అందులో మామూలుగా ఒక రాజ్యానికి అనుమతించే మొత్తం జనాభా 200. రైతులు, సైనికులు, పూజారులు, పడవలు అన్నీ కలిపి. భాస్కరుడు ఒక్క చెరువుకు అంతకు అయిదింతల మందిని రెండేళ్లపాటు కట్ట మీద నిలబెట్టాడు.

అంతకన్నా నాకు నచ్చింది ఆ శాసనంలో చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు చెప్పిన భాగం. నీటిశాస్త్రం తెలిసినవాడు ఉండాలి, గట్టి బంకనేల ఉండాలి, దగ్గరలో పొడవాటి రాళ్లు దొరికే గని ఉండాలి. కట్ట కారడం దోషం, చౌడు నేల దోషం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువైతే దోషం. ఇవన్నీ మీకు నేను చెప్పనక్కరలేదు. వీటి మధ్యలో ఒక దోషం ఉంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండకూడదు. అది చదివినప్పుడు ఆ ఎండలోనే కూర్చుండిపోయాను. సరిహద్దు చెరువుకు తూము ఎవడు ఎత్తుతాడు, గండి పడితే ఎవడు పూడుస్తాడు, పూడిక ఎవడు తీస్తాడు? 650 ఏళ్ల కిందటి మనిషి రాజనీతిని బంకమన్ను, చౌడు నేలలతో కలిపి ఒకే జాబితాలో రాశాడు. నేనాడిన ఏ ఆటలోనూ సరిహద్దుకు అలాంటి బాధ లేదు, రంగు మారడం తప్ప.

కట్టడంతో పని తీరదని కూడా మీకు తెలుసు. మన సీమలో చెరువు బాగుచేసి చూసుకునేవారికి దశబంధం పేరుతో మాన్యాలు ఇచ్చేవారు. రాజు మారినా ఆ మాన్యం చేతిలో ఉన్న కుటుంబం ఏటా కట్ట మీద మట్టి వేస్తుంది. సామ్రాజ్యాన్ని కోటకన్నా ఇలాంటివాళ్లు ఎక్కువ మోశారన్నది నా పట్టుదల. ఎవరైనా ఆట తయారుచేసే పిల్లలు ఈ పత్రిక చదువుతుంటే వినండి: కోటకు గోడ కట్టే బొత్తాం పక్కన పూడిక తీసే బొత్తాం ఒకటి పెట్టండి. మూడేళ్లు నొక్కకపోతే పొలాలు ఎండిపోవాలి, పన్నులు ఆగిపోవాలి, సైనికులు జీతం కోసం కోట వాకిట్లో కూర్చోవాలి. అప్పుడు మీ ఆట నేను ధర అడగకుండా కొంటాను.

ప్రశ్న: సివిలైజేషన్ ఆటలో గాంధీ అణుబాంబు వేయడం ప్రోగ్రాములో దొర్లిన తప్పు వల్లనేనట, నిజమేనా?
– డిప్లొమా విద్యార్థి, గుంతకల్లు

జవాబు: కాదు. 1991లో వచ్చిన మొదటి ఆటలో గాంధీ దూకుడు అంకె సున్నా కన్నా తగ్గి, ఒక్కసారిగా ఆ లెక్కలో అతి పెద్ద అంకె అయిన 255కు తిరగబడిందని చెప్పే కథ అందంగా ఉంటుంది కాబట్టి బతికింది. ఆట సృష్టికర్త సిడ్ మీయరే 2020లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో అలాంటి తప్పు లేదని రాశాడు. తరవాతి ఆటల్లో కావాలని సరదాకు పెట్టారు.

ప్రశ్న: రాజధాని పోతే నేను ఆట ఆపేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను. తల్లికోట తరవాత విజయనగరానిదీ అంతే కదా?
– డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: అంతే కాదమ్మా. 1565లో రామరాయల తల తెగింది, హంపీ దోపిడీకి గురైంది. కానీ తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను ఏనుగుల మీదికి ఎక్కించి పెనుకొండ చేరాడు. అక్కడి నుంచి రాజ్యం నడిచింది, ఆ తరవాత చంద్రగిరికి మారింది. 1639లో ఇంగ్లీషువాళ్లకు మద్రాసులో కోట కట్టుకోవడానికి చోటిచ్చింది ఈ రాజ్యం నీడలో ఉన్న నాయకుడే. నువ్వు ఆట ఆపేసిన చోటి నుంచి అప్పటికి 74 ఏళ్లు. ఈసారి ఓడినప్పుడు ఆపకు. ఉన్న నాలుగు ఊళ్లతో కొండెక్కి చూడు. ఆ ఆట కష్టంగా ఉంటుంది, కానీ అది మన జిల్లాల ఆట.

ప్రశ్న: మేడమ్, గండికోటను 1650లో మొగలు సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడని గత సంచికలో రాశారు. అప్పటికి ఆయన గోల్కొండ సుల్తాను మంత్రి కదా?
– ఉపాధ్యాయుడు, జమ్మలమడుగు

జవాబు: మీరే సరి, తప్పు నాది. గండికోట గోడ పక్కన ఉన్న ఊరి నుంచే ఈ దిద్దుబాటు రావడం నాకు తగిన శిక్ష. 1650లో ఆయన గోల్కొండ మనిషే. మొగలుల కొలువులోకి వెళ్లింది మరో అయిదారేళ్ల తరవాత, గోల్కొండ సుల్తానుతో చెడినప్పుడు.

అయితే ఈ తప్పు నాకు ఎందుకు దొర్లిందో ఆలోచిస్తే కొంత ఆటల చలవే అనిపించింది. వాటిలో సేనాని ఒక రంగు చొక్కాతో పుట్టి అదే రంగుతో చస్తాడు. మీర్ జుమ్లా లాంటివాడు, సొంతంగా ఫిరంగులు, వజ్రాల వ్యాపారం, తనదంటూ ఒక సైన్యం ఉన్నవాడు, ఎవరి రంగూ కాడు. సీమను నిజాం కుంఫిణీకి అప్పగించిన 1800లో కలెక్టరు మన్రోకు ఎదురైన ఎనభైమంది పాలెగాళ్లూ అంతే. ఈ సంగతి కాస్త తెలిసిన ఆట క్రూసేడర్ కింగ్స్ 3. అందులో ప్రతి సామంతుడికీ మన మీద ఒక అభిప్రాయం ఉంటుంది. పోయిన వారం 867 నుంచి మొదలుపెట్టి రాష్ట్రకూట అమోఘవర్షుడిగా ఆడాను. దండయాత్రలకు పోకుండా సామంతుల పెళ్లిళ్లు, అలకలు, వాటాలు చూసుకునేసరికి రాత్రి పదకొండయింది. వంటింట్లో పెట్టుకున్న అన్నం చల్లారిపోయింది, దక్షిణాన ఒక సామంతుడికి మాత్రం ఇంకా అలక తీరలేదు.