ఆర్నెల్లుగా 80 దగ్గరే ఆగిపోయిన తమ్ముడికి

కర్నూలు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "క్లీన్‌లో (నేల మీది బార్‌ను భుజాల మీదికి తెచ్చుకునే లిఫ్ట్) 75 కిలోలు సులువుగా వస్తుంది. 80 మాత్రం ఆర్నెల్లుగా రావడం లేదు. రోజూ మోటివేషన్ వీడియోలు చూసి జిమ్‌కు పోతున్నా. వెయిట్‌లిఫ్టింగ్‌లో మైండ్‌సెట్ పాత్ర ఎంత? దాన్ని ఎట్లా పెంచుకోవాలి?"

తమ్ముడూ, ముందు ఆ వీడియోలు ఆపెయ్. కోరిక లేనివాడు ఆర్నెల్లు ఒకే బరువు ముందు నిలబడడు. నీకు కోరిక నిండుగా ఉంది. నీకు లేనిది బార్‌ను కింద పడేసే అలవాటు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఇనుము పక్కనే ఉన్నాను. నీలాగ ఒక అంకె దగ్గర ఆగిపోయిన పిల్లల్ని ఎంతోమందిని చూసినాను. అందరిదీ ఇదే జబ్బు.

క్లీన్‌లో బార్‌ను ఎవరూ భుజాల దాకా లాగరు. అది నడుము దాటి ఇంకొంచెం పైకి లేస్తుంది, అంతే. ఆ క్షణంలో మనమే దాని కిందికి దిగాలి. మీదికొస్తున్న ఇనుము కిందికి దూరమంటే ఒళ్ళు ఒప్పుకోదు. 75కు దిగిన ఒళ్ళే 80 చూడగానే నిలువుగా నిలబడిపోతుంది. లాగింది అంతే ఎత్తు, బలం కూడా అంతే. దిగలేదు. మనసు పని అంతా ఒక సెకను కూడా లేని ఆ సందులోనే ఉంటుంది. పొద్దున వీడియో చూసి తెచ్చుకున్న ఆవేశం అంతసేపు నిలవదు.

నా సంగతి చెప్తా. 2000లో నేను అనంతపురంలో డిగ్రీ రెండో సంవత్సరం. మేము ప్రాక్టీసు చేసేది ఒక రేకుల షెడ్డులో. నేల మీద చెక్కలు, చెక్కల మీద పాత కన్వేయర్ బెల్టు ముక్కలు. మా మాస్టర్ గుంతకల్లు రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. జీతం లేదు, ఫీజు లేదు, సాయంత్రం ఐదుకు సైకిల్ మీద వచ్చేవాడు. అప్పుడు నేను 85 కిలోల క్లీన్ రోజుకు నాలుగైదుసార్లు చేసేవాణ్ణి. 90 పెడితే నాలుగు నెలలుగా ఒక్కసారీ రాలేదు. సంగటి తింటున్నా, గుడ్లు తింటున్నా, బుడ్డలూ బెల్లమూ జేబులో వేసుకొని తిరుగుతున్నా. ఇంకా బలం చాలడం లేదేమో అనుకొని స్క్వాట్లు పెంచినాను. స్క్వాట్ పెరిగింది గాని 90 రాలేదు.

డిసెంబరులో ఒకరోజు మాస్టర్ 90 తీసేయించి 60 పెట్టమన్నాడు. "ఎత్తు. భుజాల మీదికి రానీ. కూచో. కూచున్నాక పడేయ్" అన్నాడు. ఏంటికి సార్ అంటే, "చెప్పింది చెయ్ రా" అన్నాడు. చేసినా. మళ్ళీ అన్నాడు. మళ్ళీ. లెక్క పెట్టలేదు గాని ముప్పైకి తక్కువ ఉండదు. మోచేతులు మోకాళ్ళకు తగలకుండా కిందికి వదలడం, బార్ ముందుకు పడుతుంటే మనం వెనక్కి జరగడం, ఇదే పని. పక్కన పిల్లలంతా తమ పని ఆపి చూస్తాండారు. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. ఎత్తడం నేర్పించాల్సిన మనిషి పడేయడం నేర్పిస్తున్నాడే అని.

అప్పుడు దగ్గరికి వచ్చి అడిగినాడు. "మీ ఊర్లో గుండు ఎత్తుతావు గదా?"

మాది తాడిపత్రి దగ్గర పల్లె. ఆంజనేయస్వామి గుడి ముందర రాతి గుండు ఉంటుంది. ఉగాదికి వయసు పిల్లలంతా ఎత్తుతారు. ముందు తొడల మీదికి, తొడల మీద నుంచి రొమ్ము మీదికి, అక్కడి నుంచి భుజం మీదికి, ఆపైన వెనక్కి.

"ఎత్తుతా సార్."

"యాడ పడేస్తావు?"

"వెనక్కి, మన్ను మీదికి."

"పడేటప్పుడు ఎప్పుడన్నా భయపడినావా?"

లేదు. పదహారేళ్ళప్పటి నుంచి ఆ గుండు ఎత్తుతున్నా, ఒక్కసారీ భయపడలేదు. జారితే జారుతుంది, దుమ్ము లేస్తుంది, చుట్టూ ఉన్నోళ్ళు కేక వేస్తారు, రెండోవాడు వస్తాడు. మరి ఈ బార్ దగ్గర ఏంటికి భయపడతాండావు అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజే 100 పెట్టించినాడు. నేను ఎప్పుడూ ముట్టని బరువు. "ఎత్తొద్దు. లాగి కిందికి దిగు, పడేయ్" అన్నాడు. మొదటిసారి దిగలేదు. రెండోసారి సగం దిగినా. నాలుగోసారి పూర్తిగా కిందికి పోయినా, బార్ వేళ్ళకు తగిలి ముందర పడింది. షెడ్డు రేకులు అదిరినాయి. నాకేమీ కాలేదు. అంతవరకు నా మనసులో ఆ బరువు పడితే ప్రాణం పోతుందని ఉండేది. నేనే ఎప్పుడూ ఆ మాట పైకి అనుకోలేదు. తరువాతి వారం 90 వచ్చింది. 92.5 రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది, అది వేరే సంగతి. కాని 90 మాత్రం బలం పెరిగి రాలేదు. వారంలో ఎవరికీ అంత బలం రాదు.

ఆ ఏడాదే సెప్టెంబరు 19న సిడ్నీలో కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచింది. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే అప్పుడు. 69 కిలోల విభాగంలో స్నాచ్ (నేల నుంచి ఒకేసారి తలపైకి) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల మీదికి, అక్కడి నుంచి తలపైకి) 130, మొత్తం 240. ఆఖరి ప్రయత్నంలో బంగారం కోసం 137.5 అడిగింది, రాలేదు. మరుసటి రోజు హాస్టల్లో ఒకడు "ఆశకు పోయింది" అన్నాడు. నాకు ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే కోపం వస్తుంది. మూడు ప్రయత్నాల్లో మంచిదే లెక్క. ఆ లిఫ్ట్ పోయినా 240 ఎక్కడికీ పోదు. పోయేదేమీ లేనప్పుడు ఏడున్నర కిలోలు పెంచి అడగడం కంటే సరైన పని ఏముంది? మాస్టర్ షెడ్డు గోడ మీద బొగ్గుతో మూడు అంకెలు రాసి, 137.5 చుట్టూ సున్నా చుట్టినాడు. "ఇది అడిగింది చూడండి" అన్నాడు. మన రాష్ట్రంలో ఆమెది కాంస్యమని గుర్తుపెట్టుకున్నారు గాని, ఆ అడిగిన బరువును ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. 1994లో, 1995లో ప్రపంచ చాంపియన్ అన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

మీరాబాయి చానుదీ ఇట్లాంటిదే. 2016 రియో ఒలింపిక్స్‌లో క్లీన్ అండ్ జెర్క్ మూడు ప్రయత్నాలూ పోయినాయి, అందుకే టోటలే లేదు. ప్రపంచమంతా చూస్తుండగా మూడుసార్లు బార్ కింద పడింది. మరుసటి ఏడాదే అనహైమ్‌లో 194 కిలోలతో ప్రపంచ చాంపియన్. టోక్యో ఒలింపిక్స్‌లో స్నాచ్ 87, క్లీన్ అండ్ జెర్క్ 115, మొత్తం 202తో రజతం. రియోలో బార్ పడ్డాకే ఆమె గట్టిపడిందని నా నమ్మకం.

ఇప్పటి జిమ్‌ల సంగతి తలుచుకుంటే కడుపు మండుతుంది. మొన్న మా అన్న కూతుర్ని ఒక జిమ్‌లో చేర్చడానికి పోయినా. పేరు వద్దులే. నేల అంతా తళతళలాడే టైల్స్, గోడకు బోర్డు: బరువులు కింద పడేస్తే 500 రూపాయల ఫైన్. చెవులు పగిలే పాటలు, గోడల నిండా సింహాల బొమ్మలు, కౌంటర్ మీద పౌడరు డబ్బాలు. పిల్లవాడు ఎత్తేటప్పుడు బరువును చూడాలా, టైల్‌ను చూడాలా, జేబులో 500 చూసుకోవాలా? ఇట్లాంటి చోట రెండేళ్ళు చేసినవాడికి పడేయడమంటే తప్పు చేసినట్టు ఒళ్ళంతా పట్టేస్తుంది. పైగా వాళ్ళే "నీకు విల్‌పవర్ లేదు" అంటారు. ఆ అమ్మాయిని అక్కడ చేర్చలేదు. మా మిద్దె వెనక చెక్కలు, బెల్టు ముక్కలు వేసి 15 కిలోల బార్ పెట్టిచ్చినా. మొదటి పదిహేను రోజులు పడేయడమే చేయించినా. వాళ్ళ నాయన "ఏంరా, పాపకు ఇదేనా నేర్పించేది" అని అడిగినాడు. ఇదే అని చెప్పినా.

నువ్వు కూడా రేపు 80 పెట్టొద్దు. వారం పాటు 50తో కూచొని పడేయ్, రోజుకు ఇరవైసార్లు. రబ్బరు ప్లేట్లు లేకపోతే కర్నూల్లో టైర్ల అంగడిలో పాత టైర్లు దొరుకుతాయి, అడుగు. ముందరా వెనకా మనిషి ఉండకూడదు. మోచేతులు మోకాళ్ళ మీద పెట్టి పడేయొద్దు, మణికట్టు పోతుంది. వారం తరువాత 85 పెట్టు, ఎత్తాలని అనుకోవద్దు, దిగి వదిలెయ్. ఆ తరువాత 80 పెట్టు. ఇదంతా క్లీన్‌కు, స్నాచ్‌కు మాత్రమే. బెంచి మీద పడుకొని బార్‌ను పైకి తోసే బెంచ్ ప్రెస్‌లో ఇట్లా చేస్తే బార్ రొమ్ము మీద పడుతుంది, అక్కడ తలవైపు ఒక మనిషి ఉండాల్సిందే. 80 వచ్చినాక ఇక్కడే రాయి, చూస్తూ ఉంటా.