రెండు సర్వర్ల యాప్‌కి డిప్లాయ్‌మెంట్ ఆటోమేషన్: ఏది పెట్టుకోవాలి?

ముగ్గురి టీమ్, ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్) రెండు సర్వర్లు, ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే దూరం నుంచే సర్వర్లోకి లాగిన్ అయి, గిట్ పుల్ కొట్టి కొత్త కోడు దింపుకుంటున్నామన్నారు. ఈ పని దానంతటదే జరగాలంటే ఏ టూల్ పెట్టుకోవాలి, జెన్కిన్సా, ఆన్సిబులా, కుబర్నెటీసా అని కదా మీ ప్రశ్న.

కుబర్నెటీస్ (చాలా సర్వర్ల మీద యాప్‌ల్ని నడిపించే వ్యవస్థ) వద్దండి. రెండు సర్వర్లకి అది పెడితే యాప్ కంటే దాన్ని సాకడమే పెద్ద పనవుతుంది. ముందు డిప్లాయ్ దారిలోంచి మీ ల్యాప్‌టాప్‌ని తప్పించండి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. గాలివాన వస్తే కరెంటు, నెట్టు ఎప్పుడు పోతాయో తెలీదు. 2018లో తిత్లీ తుఫానప్పుడు మా గజపతి జిల్లా ఎలా అయిపోయిందో చూసినవాళ్ళకి తెలుసు. ల్యాప్‌టాప్ నుంచి ఫైళ్ళెక్కిస్తుంటే నెట్ తెగిందనుకోండి, సర్వర్లో సగం కొత్త కోడు, సగం పాతది. అందుకని మేం ఇక్కణ్ణించి గిట్ పుష్, అంటే కోడు గిట్‌హబ్‌కి పంపడం వరకే చేస్తాం. ఆపైన గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్ సొంత ఆటోమేషన్) టెస్టులు నడిపి, డాకర్ ఇమేజ్ (యాప్, దానికి కావలసినవన్నీ కలిపిన మూట) కట్టి, ఈసీఆర్‌లో (ఇమేజ్‌లు దాచే ఏడబ్ల్యూఎస్ గోదాం) పెడుతుంది. సర్వర్లకి ఎస్‌ఎస్‌ఎమ్ (సర్వర్లకి ఆదేశాలు పంపే ఏడబ్ల్యూఎస్ సర్వీసు) ద్వారా ఆర్డరు వెళ్తుంది, ఎస్‌ఎస్‌హెచ్‌కి వాడే 22 పోర్టు బయటికి తెరవక్కర్లేదు. మొదటి సర్వర్ హెల్త్ చెక్ (యాప్ సరిగ్గా పనిచేస్తోందా అన్న పరీక్ష) దాటాకే రెండోది మారుతుంది.

డాకర్ ఎందుకంటారా? మా యాప్ బరంపురం పట్టుచీరల కొట్లకి ఒడియాలోనూ తెలుగులోనూ బిల్లులు వేస్తుంది. నా మెషీన్లో పీడీఎఫ్ చక్కగా వచ్చేది, సర్వర్లో ఒడియా అక్షరాలకి బదులు ఖాళీ డబ్బాలు. అక్కడ ఫాంటు లేదు, అంతే. నోటో ఫాంట్లు ఇమేజ్‌లోనే పెట్టేశాక ఆ గొడవ వదిలింది. ఇమేజ్‌కి లేటెస్ట్ అని ట్యాగ్ వెయ్యకండి, కమిట్ హ్యాష్ (కోడులో ఆ మార్పుకి గిట్ ఇచ్చే గుర్తు) వెయ్యండి. ఏదైనా తేడా వస్తే పాత ట్యాగ్‌తో మళ్ళీ లేపుకోవచ్చు.

డేటాబేసు మాత్రం అలా వెనక్కి రాదు. కాలమ్ పేరు మార్చాలంటే కొత్త కాలమ్ చేర్చి, కొన్నాళ్ళు రెండిట్లోనూ రాసి, పాత డేటా కొత్తదాంట్లోకి నింపి, పాతదాన్ని ఏ కోడూ ముట్టడం లేదని తేలాకే తీసెయ్యండి.

ఏడబ్ల్యూఎస్ కీలు గిట్‌హబ్ సీక్రెట్స్‌లో పెట్టొద్దు. ఓఐడీసీతో (కీ దాచిపెట్టకుండానే గిట్‌హబ్ తనెవరో ఏడబ్ల్యూఎస్‌కి రుజువు చేసుకునే పద్ధతి) రోల్, అంటే అనుమతుల కట్ట, తీసుకుంటే ప్రతి రన్‌కీ తాత్కాలిక కీ వస్తుంది. ఆ రోల్ ఎవరు తీసుకోవచ్చో చెప్పే ట్రస్ట్ పాలసీలో మీ రిపో (కోడు దాచే చోటు), బ్రాంచి పేర్లు రాయడం మర్చిపోకండి, లేకపోతే తలుపు తీసి పెట్టినట్టే.

ఆన్సిబుల్ సర్వర్ లోపలి సెట్టింగులకి మంచిదే, టెర్రాఫార్మ్ అసలు సర్వర్లూ నెట్‌వర్కూ కట్టడానికి. 2023లో టెర్రాఫార్మ్ లైసెన్సు మారింది, అది పడనివాళ్ళకి దాన్నుంచే చీలిన ఓపెన్‌సోర్స్ ఓపెన్‌టోఫు ఉంది. గిట్‌హబ్ యాక్షన్స్ లాంటి పనే చేసే జెన్కిన్స్‌కైతే ఇంకో సర్వర్, పైగా ప్లగిన్ల అప్‌డేట్లు. ఇప్పటికే నడుపుతుంటే సరే, కొత్తగా నేనైతే పెట్టను.

పెళ్ళిళ్ళ సీజన్లో మాత్రం పుష్‌తోనే డిప్లాయ్ అవడం ఆపేస్తాం. పొద్దున్నే, కొట్లు తెరవకముందు, ఎవరో ఒకరు గిట్‌హబ్‌లో వర్క్‌ఫ్లో బటన్ నొక్కితేనే కొత్త కోడు సర్వర్లకి వెళ్తుంది.