ఇండియన్ ఆర్మీలో చేసిన నాన్నకు అమెరికాలో వెటరన్ సౌకర్యాలు వస్తాయా? రావడం న్యాయమేనా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారు మద్రాస్ రెజిమెంట్‌లో హవల్దారుగా రిటైరయ్యారు, ఊరు కలిగిరి దగ్గర, గ్రీన్ కార్డు మీద డాలస్‌లో మీ దగ్గరికి వచ్చేస్తున్నారు. ఇండియా, అమెరికా మిత్రదేశాలే గదా, అక్కడ మాజీ సైనికులకిచ్చే వైద్యం, పెన్షన్ ఆయనకూ వర్తిస్తాయా, వర్తించకపోతే అన్యాయం కాదా అని. కావలి, ఉదయగిరి వైపు మిలిట్రీ పెన్షనర్ల కాయితాలు చూసే పని నాది. పిల్లల దగ్గరికి పోయే పెద్దవాళ్ళు ఎక్కువయ్యాక ఈ ప్రశ్న తరచూ వస్తోంది.

రావు. అమెరికా చట్టం లెక్కలో వెటరన్ అంటే అమెరికా సైన్యంలోనే పనిచేసి, అగౌరవకరంగా కాకుండా డిశ్చార్జ్ అయినవాడు. దానికి రుజువు వాళ్ళ సైన్యం ఇచ్చే డీడీ-214 అనే డిశ్చార్జ్ కాయితం. మన డిశ్చార్జ్ బుక్కు ఎంత శుభ్రంగా ఉన్నా ఆ కౌంటర్‌లో చెల్లదు. 2016లో అమెరికా మనకు 'ప్రధాన రక్షణ భాగస్వామి' హోదా ఇచ్చిన మాట నిజమే, అది ఆయుధాల కొనుగోళ్ళకూ టెక్నాలజీకీ పనికొచ్చేది. హవల్దారు గారి మోకాలి ఆపరేషన్‌కు దాంతో సంబంధం లేదు.

అయితే తలుపు పూర్తిగా మూసి లేదు. అమెరికా చట్టాల్లో 38వ టైటిల్, 109వ సెక్షన్ అని ఒకటుంది. ప్రపంచ యుద్ధాల్లో తమతో కలిసి పోరాడిన దేశాల మాజీ సైనికులకు అమెరికా వెటరన్ ఆసుపత్రుల్లో వైద్యం చేయొచ్చని అది చెబుతుంది. రెండు షరతులున్నాయి: ఆ దేశ ప్రభుత్వం అధికారికంగా అడగాలి, ఖర్చు తిరిగి చెల్లించాలి. అంటే అమెరికా ఆసుపత్రిని ఇస్తుంది, బిల్లు సైనికుడి సొంత దేశానికి పోతుంది. 2023 నవంబరులో వచ్చిన కొరియన్ అమెరికన్ వేలర్ చట్టం కూడా ఇదే అచ్చు. వియత్నాం యుద్ధంలో దక్షిణ కొరియా సైన్యం తరఫున పోరాడి, తర్వాత అమెరికా పౌరులైనవాళ్ళకు వైద్యం ఇస్తారు, ఆ ఖర్చు కొరియా ప్రభుత్వం భరించాలి. కాబట్టి మన విషయంలో ఆ తలుపు తట్టాల్సింది ఢిల్లీ. మీరు డాలస్‌లో ఎన్ని దరఖాస్తులు పెట్టినా తెరుచుకోదు.

ఒక మినహాయింపుంది, వినడానికి విచిత్రంగా ఉంటుంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో మిత్రపక్షాన పోరాడిన పోలండ్, చెకోస్లొవేకియా సైనికులు పదేళ్ళు అమెరికా పౌరులుగా ఉంటే, వాళ్ళ వైద్యం ఖర్చు అమెరికాయే పెట్టుకుంటుంది. ఆ సైనికులు తిరిగి పోదామంటే వాళ్ళ దేశాలు సోవియట్ నీడలోకి పోయాయి, బిల్లు పంపడానికి అవతల ఒప్పుకునే ప్రభుత్వం లేదు. ఖర్చు సొంత దేశానిదే అన్న సూత్రాన్నే ఈ మినహాయింపు కూడా చెబుతోందని నా అభిప్రాయం.

ఇక న్యాయం సంగతి. ఎవరి చేలో నాట్లేస్తే వాళ్ళ దగ్గరే కూలి అడగాలి. జెండా ఎవరిది, ఆజ్ఞ ఎవరిది, జీతం ఎవరిది, ఈ మూడూ చూస్తే బాకీ ఎవరిదో తేలిపోతుంది. మీ నాన్నగారి విషయంలో మూడూ ఇండియావే, ఇండియా ఇస్తోంది కూడా. అమెరికా ఇవ్వకపోవడంలో నాకు అన్యాయం కనపడదు.

అన్యాయం ఎక్కడుందంటే, పరాయి దేశం వాళ్ళనే పిలిచి, తన ఆజ్ఞ కింద పెట్టుకుని, పనయ్యాక 'మీరు మా వాళ్ళు కాదు' అన్నచోట. ఫిలిప్పీన్స్ సంగతి చూడండి. 1941 జులై 26న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వుతో ఫిలిప్పీన్స్ సైన్యాన్ని అమెరికా కొలువులోకి తీసుకున్నారు. యుద్ధం ముగిశాక, 1946 ఫిబ్రవరిలో రెసిషన్ (రద్దు) యాక్ట్ తెచ్చి, ఆ సర్వీసును చాలా సౌకర్యాల విషయంలో సర్వీసే కాదనేశారు. 2009లో ఒకేసారి ఇచ్చే పరిహారం పెట్టారు: అమెరికా పౌరులకు 15,000 డాలర్లు, పౌరులు కానివాళ్ళకు 9,000. అప్పటికి అరవై ఏళ్ళు దాటిపోయింది, తీసుకోవడానికి ఎంతమంది మిగిలారో ఊహించుకోండి. లావోస్‌లో సీఐఏ నడిపిన యుద్ధంలో వాడుకున్న మోంగ్ తెగవాళ్ళదీ ఇదే వరస. 2000లో పౌరసత్వ పరీక్షలో ఇంగ్లీషు మినహాయించారు, 2018లో జాతీయ సైనిక శ్మశానాల్లో చోటిచ్చారు. ఆ చట్టాల్లో పెన్షన్ మాట లేదు.

మనవైపు చూస్తే, నేపాల్ పౌరులైన గోర్ఖాలు ఇండియన్ ఆర్మీలో చేసి ఇండియా పెన్షనే తీసుకుంటారు. కాఠ్మండు, పోఖరా, ధరాన్‌లలో మన పెన్షన్ చెల్లింపు ఆఫీసులున్నాయి, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కూడా అక్కడిదాకా పోయింది. అదే గోర్ఖాలలో బ్రిటన్ వైపు వెళ్ళినవాళ్ళకు 1947 ఒప్పందం తర్వాత చాలాకాలం పెన్షన్‌ను మన ఆర్మీ రేట్లకు ముడిపెట్టారు. లండన్ కోసం పోరాడినవాడికి ఢిల్లీ రేటన్నమాట. 2007లో కొత్త స్కీములోకి మారే అవకాశం ఇచ్చినా, 1997 జులైకి ముందు రిటైరైనవాళ్ళ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. పౌరసత్వం చూసి కాదు, సర్వీసు చూసి ఇవ్వాలనే విషయంలో మనం బ్రిటన్ కంటే మెరుగ్గానే ఉన్నాం.

ఇప్పుడు మీకు పనికొచ్చే సంగతులకొస్తాను. రాని సౌకర్యం వెంట పడి, వస్తున్నవాటిని పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

ముందు వీసా కాయితాలు. గ్రీన్ కార్డు వీసాకు పెట్టే డీఎస్-260 ఫారంలో ఏ దేశ సైన్యంలోనైనా పనిచేశారా అనే ప్రశ్న ఉంటుంది. దానికి అవునని రాసి దేశం, విభాగం, ర్యాంకు, తేదీలు ఇవ్వాలి, డిశ్చార్జ్ బుక్కు కాపీ జతచేయాలి. భయపడి కాదని రాసేవాళ్ళున్నారు, తర్వాత పౌరసత్వం దరఖాస్తులో అదే ప్రశ్న మళ్ళీ ఎదురవుతుంది, రెండూ కలవకపోతే చిక్కు. బుక్కు పోయుంటే పోలీసు ఫిర్యాదు నకలు, అఫిడవిట్ పెట్టి నెల్లూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్ ఆఫీసుకు రాయాలి. మద్రాస్ రెజిమెంట్‌కు అది తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో ఉంది. మన వైపు పెద్ద తలనొప్పి ఇంటిపేరు. ఆర్మీ రికార్డులో ఇంటిపేరు రెండక్షరాల ఇనీషియల్‌గా వెనకుంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో మూడో రకం. మూడూ ఒకరివే అని అఫిడవిట్ ముందే చేయించి పెట్టుకోండి.

దీనికి పూర్తి ఎదురు పొరపాటు ఇంకోటుంది. అక్కడ ఏదైనా ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, 'ప్రొటెక్టెడ్ వెటరన్' అవునా కాదా అని అడుగుతారు. అది అమెరికా సైన్యం గురించి అడిగేది. ఆర్మీ గదా అని పిల్లలు ఉత్సాహంగా టిక్కు పెట్టేస్తారు. పెట్టకండి.

పెన్షన్ ఆగకుండా చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. ఆయన పెన్షన్ స్పర్శ్‌లోకి (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ) మారి ఉంటే, ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ అందాలి. ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్‌తోపాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ కూడా ఎక్కించుకుంటే ముఖం చూపి చేసేయొచ్చు. ఎక్కువమంది తప్పేది ఒకే గడిలో. పెన్షన్ మంజూరు చేసిన అధికారి దగ్గర డిఫెన్స్, పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్ అని, చెల్లించే ఏజెన్సీ దగ్గర స్పర్శ్, పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్ అని ఎంచుకోవాలి. పీసీడీఏ అంటే రక్షణ శాఖ పెన్షన్ల లెక్కలు చూసే ఆఫీసు. ఊరు ఇప్పుడు ప్రయాగ్‌రాజ్ కాబట్టి జాబితాలో ఆ పేరుతో కనపడినా కంగారుపడొద్దు. పాత అలవాటు కొద్దీ బ్యాంకు పేరు ఎంచుకుంటే సర్టిఫికెట్ బ్యాంకుకు పోతుంది, బ్యాంకు తిరస్కరిస్తుంది. మీకు సర్టిఫికెట్ నంబరు వచ్చింది కాబట్టి అయిపోయిందనుకుంటారు, కొన్ని నెలలకు పెన్షన్ ఆగాక తెలుస్తుంది. నంబరొచ్చాక ఆమోదం పడిందో లేదో స్పర్శ్ పోర్టల్‌లో తప్పక చూడండి. ఓటీపీ వచ్చే ఇండియా సిమ్ అక్కడ పనిచేయడం కూడా ముఖ్యమే, బయల్దేరే ముందే రోమింగ్ వేయించండి. ముఖం చూపే పద్ధతి కుదరకపోతే కాన్సులేట్‌లో లైఫ్ సర్టిఫికెట్ మీద సంతకం, ముద్ర వేయించుకుని పోర్టల్‌లో ఎక్కించొచ్చు. టెక్సాస్‌వాళ్ళకు హ్యూస్టన్ కాన్సులేట్.

బ్యాంకు ఖాతా సంగతి చాలామంది పట్టించుకోరు. అక్కడ స్థిరపడ్డాక ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవాళ్ళ రూపాయి ఖాతా) మార్చాలి. మార్చేటప్పుడు కొన్ని బ్యాంకులు కొత్త నంబరిస్తాయి. దాన్ని స్పర్శ్‌లో సరిచేయకపోతే ఆ నెల పెన్షన్ తిరిగి పోతుంది. గ్రీన్ కార్డు ఉన్నాయన ఈ పెన్షన్‌ను అమెరికా పన్ను రిటర్న్‌లో చూపాలి. విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలిచ్చే ఫారం) కూడా వేయాలి. ఎఫ్‌డీలు కూడా ఇందులోకి వస్తాయి, కాబట్టి దాటడం కష్టమేమీ కాదు. నాన్న ఖాతాలో మీ పేరు జాయింటుగా ఉంటే అది మీ లెక్కలోకీ వస్తుంది.

వైద్యం. ఈసీహెచ్ఎస్ కార్డు డాలస్ ఆసుపత్రిలో పనిచేయదు, క్యాంటీన్ కార్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. మెడికేర్ (పెద్దవాళ్ళకు అమెరికా ప్రభుత్వ వైద్య బీమా) కొనుక్కోవాలంటే 65 ఏళ్ళు నిండి, గ్రీన్ కార్డు వచ్చి, దరఖాస్తుకు ముందు వరసగా ఐదేళ్ళు అమెరికాలో కాపురముండాలి. అక్కడ పనిచేసిన క్రెడిట్లు లేనివాళ్ళకు 2025లో పార్ట్ ఏ (ఆసుపత్రి బీమా) నెలకు 518 డాలర్లు, పార్ట్ బీ (డాక్టరు బీమా) 185 డాలర్లు ఉండేవి. ఆ ఐదేళ్ళలోపు ప్రభుత్వ బీమా సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో పాలసీ కొనాలి. అమెరికా చేరాక 60 రోజుల్లో చేరిపోవాలి, ఆ గడువు దాటితే మళ్ళీ నవంబరులో తెరిచేదాకా ఆగాలి. స్పాన్సరుగా మీరు ఐ-864 మీద సంతకం పెట్టుంటారు. అంటే ఆయన్ను ప్రభుత్వం మీద పడనివ్వనని మీరు రాసిచ్చినట్టే.

తొందర లేని ఆపరేషన్లు, కంటి శుక్లం, మోకాలు లాంటివి నెల్లూరు ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో రెఫరల్ తీసుకుని ఇక్కడే చేయించుకోవడం మేలని నేను చెబుతాను. అత్యవసరమైతే తప్ప రెఫరల్ లేకుండా నేరుగా ఆసుపత్రికి పోతే మామూలుగా బిల్లు మీదే. కాకపోతే వచ్చిన పని చూసుకుని ఆరు నెలల్లోపు తిరిగి పోవాలి. ఆరు నెలలు దాటితే ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు మొదలవుతాయి, మెడికేర్‌కు కావలసిన వరస ఐదేళ్ళ లెక్కకూ చిక్కే. ఏడాది దాటేటట్టుంటే అక్కడుండగానే ఐ-131 ఫారం పెట్టి రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి.

చివరిగా అమ్మగారి సంగతి. రేపు ఫ్యామిలీ పెన్షన్ ఆమెకు రావాలంటే పీపీఓలో (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) ఆమె పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం కూడా తేడా లేకుండా కలవాలి. పాత రికార్డుల్లో 'సుబ్బమ్మ' అని ఉంటుంది, ఆధార్‌లో 'వెంకట సుబ్బమ్మ' అని ఉంటుంది, పుట్టిన తేదీ జులై ఒకటని ఎవరో ఉజ్జాయింపుగా వేసుంటారు. నాన్నగారి సంతకంతో స్పర్శ్‌లో అభ్యర్థన పెడితే రికార్డ్ ఆఫీసు సరిచేస్తుంది. ఆయన లేనప్పుడు అమెరికా నుంచి ఆమె ఒక్కతే చేయించుకోవాలంటే ప్రతి కాయితానికీ కాన్సులేట్ చుట్టూ తిరగాలి. టిక్కెట్లు కొనేముందే దాన్ని పూర్తి చేయండి. పెన్షన్ ఖాతా కూడా ఇద్దరి పేరుతో, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేట్టు పెట్టించండి.