టెక్సాస్‌లో జడ్జికి పార్టీ చూసి ఓటు వేయాలా?

టెక్సాస్‌లో జిల్లా కోర్టు జడ్జీలు కూడా పార్టీ టికెట్ మీదే పోటీ చేస్తారన్నది నిజమేనా, తొలిసారి ఓటు వేసేవారు వారిని ఎలా ఎంచుకోవాలి అని అడిగారు. మీరు విన్నది నిజమే. ఇక్కడి డిస్ట్రిక్ట్ కోర్టు జడ్జి పదవీకాలం నాలుగేళ్లు. మార్చిలో పార్టీ ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే తొలి విడత, నవంబరులో అసలు ఎన్నిక జరుగుతాయి, బ్యాలెట్‌పై పేరుతో పాటు పార్టీ కూడా ఉంటుంది. హైకోర్టును సంప్రదించి గవర్నరు జిల్లా జడ్జిని నియమించే రాష్ట్రం నుంచి వచ్చిన నాకు, ఇళ్ల ముందు గడ్డిలో పాతిన జడ్జి అభ్యర్థుల బోర్డులు మొదట్లో ఎబ్బెట్టుగానే తోచాయి.

పౌరసత్వం వచ్చాక నా తొలి ఓటు 2018లో, హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో వేశాను. అప్పటి యంత్రంలో చక్రం తిప్పుతూ ఒక్కో పేజీ దాటాలి. సెనేటరు, గవర్నరు పదవులు అయ్యాక మొదలైన జడ్జీల వరుస ఎంతకీ తరగలేదు. వారిలో ఒక్కరి పేరైనా నాకు తెలియదు. చివరకు విసిగి, వెనక్కి వెళ్లి, ఒక పార్టీ అభ్యర్థులందరికీ ఒకేసారి ఓటు పడే మీట నొక్కి బయటపడ్డాను. ఆ ఏడాది కౌంటీలో పోటీ జరిగిన 59 జడ్జి స్థానాలనూ డెమోక్రాట్లే గెలుచుకున్నారు. టెడ్ క్రూజ్, బీటో ఓరూర్క్‌ల సెనేట్ పోరు కోసం తరలివచ్చిన జనం, ఆ ఊపులోనే, ఎన్నడూ అడుగుపెట్టని కోర్టు హాళ్లలో ఎవరు కూర్చోవాలో కూడా తేల్చేశారన్నమాట.

మరుసటి ఏడాది జ్యూరీకి పిలుపు వచ్చి, ఒక సివిల్ కేసులో పన్నెండుమందిలో ఒకడిగా నాలుగు రోజులు కూర్చున్నాను. ఏ సాక్ష్యాన్ని అనుమతించాలి, ఏ అభ్యంతరాన్ని తోసిపుచ్చాలి, తడబడుతున్న సాక్షికి ఎంత వ్యవధి ఇవ్వాలి అన్న నిర్ణయాలలో పార్టీ సిద్ధాంతానికి చోటెక్కడో నాకు కనిపించలేదు. జడ్జి ఎంతో ఓపికగా విచారణ నడిపారు. ఆ జడ్జి నా మీట నొక్కుడుతో గెలిచినవారేనని కేసు ముగిశాక తెలిసింది. అది నా అదృష్టమే తప్ప విజ్ఞత కాదు.

ఆ గుత్త ఓటు సౌకర్యాన్ని 2017లో చేసిన చట్టంతో 2020 ఎన్నికల నుంచి తొలగించారు. ఇప్పుడు ప్రతి పదవికీ విడిగా ఓటు వేయాలి. అయినా పేరు పక్కన పార్టీ అలాగే ఉంది కనుక, నా సలహా ఏమిటంటే నవంబరు కన్నా మార్చిని పట్టించుకోండి. ఒకే పార్టీ బలంగా ఉన్న కౌంటీలో జడ్జి ఎవరన్నది ప్రైమరీలోనే తేలిపోతుంది, పైగా ఇక్కడ ముందుగా పార్టీలో నమోదు కానవసరం లేదు, ఏ పార్టీ బ్యాలెట్ కావాలో ఆ రోజు అడిగి తీసుకోవచ్చు. స్థానిక న్యాయవాదుల సంఘమైన హ్యూస్టన్ బార్ అసోసియేషన్ జడ్జి అభ్యర్థులపై న్యాయవాదుల అభిప్రాయాలు సేకరించి ప్రకటిస్తుంది; నేను మొదట చూసేది దానినే. తరువాత విరాళాల జాబితా చూస్తాను, ఎందుకంటే జడ్జి ప్రచారానికి డబ్బు ఇచ్చేవారిలో ఆ కోర్టులోనే వాదించే న్యాయవాదులు తరచుగా కనిపిస్తారు. ‘కౌంటీ జడ్జి’ అన్న పదవిని చూసి మాత్రం పొరబడకండి; హారిస్ వంటి పెద్ద కౌంటీలో అది ప్రధానంగా పాలనాధిపతి పదవి.

పోలింగ్ గదిలో ఫోను వాడనివ్వరు, కనుక ఎంచుకున్న పేర్లను కాగితం మీద రాసుకుని వెళ్లండి. నా జాబితా కిందటిసారి రెండు వైపులా నిండింది.