381654729 అనే సంఖ్యలో అంత ప్రత్యేకత ఏముంది?

ఎడమ నుంచి ఒక్కో అంకె కలుపుకుంటూ చదవండి. 38 రెండో ఎక్కంలో పోతుంది, 381 మూడో ఎక్కంలో, 3816 నాలుగో ఎక్కంలో... ఇలా మొత్తం సంఖ్యను 9తో భాగించేదాకా ఎక్కడా శేషం మిగలదు. పైగా 1 నుంచి 9 వరకు ప్రతి అంకె ఒక్కసారే వచ్చింది. ఈ రెండు షరతులకూ నిలబడే సంఖ్య ఇదొక్కటే.

చాలామంది ఇక్కడితో ఆపి ‘అద్భుతం’ అనేస్తారు. నాకైతే దాన్ని వెతికి పట్టుకోవడంలోనే మజా ఉంది. నేను ఏడో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. భాజనీయతా సూత్రాలు బట్టీ పట్టి విసిగిపోయినవాళ్లకు, జవాబు చెప్పకుండా ఈ లెక్క ఇస్తాను. తొమ్మిది అంకెలను 3,62,880 రకాలుగా పేర్చవచ్చు అనగానే టెన్షన్ పడతారు. కానీ వాళ్లకొచ్చిన సూత్రాలే చాలు.

సున్నా లేదు కాబట్టి ఐదో స్థానం 5దే. 2, 4, 6, 8 స్థానాల్లో సరి అంకెలు రావాలి, అంటే మిగతా చోట్ల బేసి అంకెలు. మూడో అంకె బేసి అయినప్పుడు మొదటి నాలుగంకెల సంఖ్య 4తో పోవాలంటే నాలుగో అంకె 2 లేదా 6 కావాలి. ఎనిమిదో స్థానంలోనూ అదే సంగతి. ఇక 4, 8 మిగిలింది రెండో, ఆరో స్థానాలకు. మొదటి మూడంకెల మొత్తం, మొదటి ఆరంకెల మొత్తం రెండూ 3తో పోవాలి కనుక నడిమి మూడంకెల మొత్తం కూడా పోవాలి. అలా కుదిరేవి 258, 654 మాత్రమే. 9 గురించి బెంగే లేదు, అంకెలన్నీ కూడితే ఎలాగూ 45.

ఏడో, ఎనిమిదో అంకెలు పక్కపక్కన పెడితే వచ్చే రెండంకెల సంఖ్య 8తో పోవాలని, మొదటి మూడంకెల మొత్తం 3తో పోవాలని చూసుకుంటే, అన్ని లక్షల్లోంచి పదే సంఖ్యలు మిగులుతాయి. వాటిలో 987654321 కూడా ఉంటుంది! అది కనబడగానే ‘ఇదే సార్ ఆన్సర్’ అని కేకలు పెడతారు. నేనేమీ అనను, ఏడో ఎక్కం చూడమంటాను. 9876543ను 7తో భాగిస్తే 5 మిగులుతుంది.

నిజానికి ఈ లెక్కలో తీర్పు చెప్పేది 7. సులువైన సూత్రం లేదు కాబట్టి పదింటినీ కూర్చుని భాగించాల్సిందే. 3816547 ఒక్కటే 7 × 545221గా సరిగ్గా పోతుంది, మిగతా తొమ్మిదీ అక్కడే రాలిపోతాయి.

చివర సున్నా చేర్చి 3816547290 చేస్తే 10తోనూ పోతుంది, పది అంకెలూ వచ్చేస్తాయి. అంకెలు మళ్లీ మళ్లీ రావచ్చు అనుకుంటే ఈ ఆటను ఇంకా పొడిగించవచ్చు, కానీ దానికీ హద్దుంది. అన్నిటికంటే పొడవైనది 25 అంకెల 3608528850368400786036725. దాని పక్కన ఏ అంకె పెట్టినా 26తో పోదు.